గోడలకు చెమ్మ.. బాబుకు రాత్రి దగ్గు

ప్రశ్న: మాది మచిలీపట్నంలో తాతలనాటి ఇల్లు. వానలు మొదలైతే గోడలు నడుము ఎత్తు దాకా చెమ్మెక్కుతాయి, పెచ్చులు ఊడతాయి. మూలల్లో నల్లటి బూజు. మా ఎనిమిదేళ్ల బాబుకు రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు. యాంటీబయాటిక్స్ వాడినా తగ్గలేదు. దసరా సెలవుల్లో అమ్మమ్మ వాళ్లింట్లో ఉన్నన్నాళ్లూ దగ్గలేదు, తిరిగొచ్చాక మళ్లీ మొదలు. ఇన్‌హేలర్ రాశారు గానీ అలవాటైపోతుందేమోనని భయం. మా అత్తయ్య కీళ్ల నొప్పులు కూడా ఈ చెమ్మ వల్లేనా?
- ఓ పాఠకురాలు

సలహా: మీరు రాసినవాటిలో నాకు అన్నిటికంటే పనికొచ్చింది అమ్మమ్మ ఇంటి సంగతి. ఇల్లు మారితే తగ్గి, తిరిగి రాగానే మొదలయ్యే దగ్గు, దానికి తోడు పిల్లికూతలు అంటే ముందు ఆస్తమానే అనుమానించాలి. యాంటీబయాటిక్స్ పని చేయకపోవడంలో వింత లేదు. బాబు వయసుకు స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల పనితీరు కొలిచే) పరీక్ష చేయించవచ్చు, పిల్లల డాక్టర్‌ని అడగండి.

ఇన్‌హేలర్ అలవాటుపడే మందు కాదు. సిరప్‌లో, మాత్రల్లో మందు మిల్లీగ్రాముల్లో వెళ్తే, ఇందులో మైక్రోగ్రాముల్లో నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది. స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కి తగిలించే ప్లాస్టిక్ గొట్టం) ఇవ్వండి. ఇల్లు బాగుచేయించాక చూద్దాంలే అని మాత్రం ఆగొద్దు. మాట పూర్తి చేయలేనంత ఆయాసం వచ్చినా, ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి పోతున్నా, పెదాలు నీలంగా మారినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక గోడలు. పెచ్చుల మీద తెల్లగా పొడిలా రాలేది చాలావరకు ఉప్పు. నీళ్లలో వేస్తే కరిగిపోతుంది, దాని గురించి టెన్షన్ వద్దు. ఆస్తమాను రేపేది ఆ నల్లటి బూజు, చెమ్మగా ఉన్న పరుపుల్లో పెరిగే డస్ట్‌మైట్లు (కంటికి కనిపించని దుమ్ము పురుగులు). బూజును పొడి చీపురుతో దులిపితే గదంతా ఎగురుతుంది. బాబును బయటికి పంపి, మాస్క్ పెట్టుకుని సబ్బునీళ్లలో ముంచిన గుడ్డతో తుడవండి. బ్లీచింగ్‌ని, యాసిడ్‌ని కలపొద్దు, విషవాయువు వస్తుంది. చెమ్మ వాసన పోవాలని చాలా ఇళ్లలో సాంబ్రాణి వేస్తారు. వాసన పోతుందేమో గానీ ఆ పొగకి దగ్గు ఇంకా పెరుగుతుంది. దోమల కాయిల్ కూడా అంతే. బాబు మంచం గోడకి జానెడు దూరం జరపండి, తడిబట్టలు ఆ గదిలో ఆరేయకండి, ఎండ కాసిన రోజు పరుపు బయట వేయండి. ఎయిర్ కూలర్ ఉంటే ఆపేయండి, అది గదిలోకి ఇంకా తేమ తెస్తుంది.

రిపేరు సంగతి మేస్త్రీ చెప్పాలి గానీ, ఒక్క మాట. చెమ్మ ఆరకుండా పైన పెయింట్ కొట్టిస్తే ఆ డబ్బు దండగ. సున్నం గోడకి సిమెంటు పూస్తే లోపలి నీరు బయటికి ఆరలేక ఇంకా పైకెక్కుతుంది. ముందు నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో చూడండి: పైపు కారుతోందా, చూరు నీళ్లు గోడ మొదట్లో పడుతున్నాయా? పాత వీధుల్లో రోడ్డు మీద రోడ్డు వేసి ఇళ్లు పల్లంలో పడిపోవడం మామూలే, అదీ గమనించండి.

అత్తయ్యగారి కీళ్ల అరుగుదలకు చెమ్మ కారణం కాదు. చల్లటి నేల మీద పడుకుంటే పొద్దున పట్టేసినట్టు అనిపించవచ్చు, మంచం మీద పడుకోమనండి. ఆవిడ విషయంలో నాకు ఎక్కువ భయం చెమ్మగిల్లిన గచ్చు మీద జారిపడటం గురించి. బాత్రూంకి వెళ్లే దారిలో రాత్రి లైటు ఉంచండి, జారని చెప్పులు కొనివ్వండి.