ఎవరు ఏం మాట్లాడినా నన్నే తప్పు పడుతున్నట్టు ఉంటోంది.. ఇది జబ్బా?

ప్రశ్న: నా వయసు 34. ఒక సంస్థలో అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. ఏడాది కిందట పదోన్నతి వచ్చి, ఒక బృందం బాధ్యత నాకు అప్పగించారు. అప్పటి నుంచీ ఎవరు ఏం మాట్లాడినా నన్ను తప్పు పడుతున్నట్టే అనిపిస్తోంది. పై అధికారి ‘ఒకసారి వచ్చి కలవండి’ అని మెసేజ్ పెడితే గుండె దడ మొదలవుతుంది. పక్కన ఇద్దరు నవ్వుకుంటే నా గురించేనేమో అనుకుంటాను. మీటింగులో చెప్పాల్సింది మనసులో పదిసార్లు అనుకుంటాను. తీరా నా వంతు వచ్చేసరికి నోరు పెగలదు. ఇంట్లోనూ ఇంతే. ‘ఈ రోజు ఆలస్యమైందే’ అని మావారు అంటే, నిలదీసినట్టు వినిపించి గొడవైపోతోంది. రక్తపరీక్షలు చేయించుకున్నాను. థైరాయిడ్‌తో సహా అన్నీ మామూలుగానే ఉన్నాయి. ఇది మానసిక జబ్బా? మందులు వాడాలా?
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు మీవారు అన్న మాటనే తీసుకుందాం. ‘ఈ రోజు ఆలస్యమైందే’ అన్న మాటలో ఆందోళన ఉండొచ్చు, విసుగు ఉండొచ్చు, ఊరికే పలకరింపూ కావచ్చు. అందులో ఏది ఉందో మాట ఒక్కటే చెప్పదు. ఆ ఖాళీని వినేవారే పూరించుకుంటారు. ‘నేను దేనికీ సరిపోవడం లేదు’ అనే భావన మీలో ముందే ఉంటే, ఆ ఖాళీలోకి నింద వచ్చి కూర్చుంటుంది. అప్పుడు మీరు జవాబిచ్చేది ఆయన మాటకు కాదు, మీలోని ఆ నిందకు. మీరు ఎందుకంత కోపంగా బదులిచ్చారో ఆయనకు అంతుపట్టదు. ఆయన గొంతూ పెరుగుతుంది. పెరిగిన ఆ గొంతు విని, ‘నేననుకున్నదే నిజం’ అని మీరు ఖాయం చేసుకుంటారు.

మన గురించి మనకున్న అభిప్రాయాన్నే మనస్తత్వశాస్త్రంలో స్వీయభావన అంటారు. ఇది ఒంటరిగా కూర్చుని తయారుచేసుకునేది కాదు. ఎదుటివారి కళ్లకు ఎలా కనిపిస్తున్నామో ఊహించుకుని, ఆ ఊహ నుంచే మనల్ని మనం అంచనా వేసుకుంటామని అమెరికా సమాజశాస్త్రవేత్త చార్లెస్ కూలీ 1902లోనే చెప్పారు. గమనించాల్సింది ‘ఊహించుకుని’ అన్న మాటనే. మీ ఇబ్బంది పదోన్నతితో మొదలైందంటున్నారు. హోదా ఒక్క రోజులో మారింది. మీ గురించి మీకున్న అభిప్రాయం అంత వేగంగా మారలేదు. ఈ కుర్చీకి తగినదాన్ని కానేమోనన్న శంక లోపల ఉన్నప్పుడు, ‘ఒకసారి వచ్చి కలవండి’ అన్న మామూలు మెసేజ్ కూడా సంజాయిషీ అడుగుతున్నట్టే కనిపిస్తుంది.

ఈ ఊహకు ఎంత బలం ఉంటుందో చూపే ప్రయోగం ఒకటి ఉంది. అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో రాబర్ట్ క్లెక్, ఏంజెలో స్ట్రెంటా చేసిన ఆ అధ్యయనం 1980లో వెలువడింది. పాల్గొన్నవారి ముఖం మీద మేకప్‌తో పెద్ద గాయపు మచ్చ వేసి, అద్దంలో చూపించారు. ఆ తర్వాత మేకప్‌ను కాస్త సరిచేస్తున్నామని చెప్పి, వాళ్లకు తెలియకుండా ఆ మచ్చను పూర్తిగా తుడిచేశారు. ముఖం మీద మచ్చ ఉందనే నమ్మకంతో వాళ్లు కొత్తవారితో మాట్లాడి వచ్చారు. ఎదుటివారు తమ మచ్చ వల్ల ఇబ్బంది పడ్డారని, సహజంగా ప్రవర్తించలేదని చెప్పారు. లేని మచ్చకు ఎవరు ఇబ్బంది పడతారు? అయినా వాళ్లు అబద్ధమాడలేదు. వాళ్లకు అలాగే కనిపించింది. మీ విషయంలోనూ మీరు కల్పించి చెబుతున్నారని నేను అనుకోవడం లేదు. మీరు పడుతున్న బాధ నిజమైనదే. దానికి మీరు చెప్పుకొంటున్న కారణమే నిజం కాకపోవచ్చు.

మరో అధ్యయనం మీకు ఇంకా దగ్గరగా ఉంటుంది. 1986లో రెబెక్కా కర్టిస్, కిమ్ మిల్లర్ కొందరితో ‘అవతలి వ్యక్తికి మీరు నచ్చారు’ అని, మరికొందరితో ‘నచ్చలేదు’ అని చెప్పారు. రెండూ కల్పించిన మాటలే. ఆ తర్వాత అదే వ్యక్తితో మాట్లాడినప్పుడు నచ్చామనుకున్నవారు మనసు విప్పి, స్నేహంగా మాట్లాడారు. నచ్చలేదనుకున్నవారు ముభావంగా, అంటీముట్టనట్టు ఉండిపోయారు. చివరికి మొదటివారు అవతలివారికి నిజంగానే ఎక్కువ నచ్చారు. మీటింగులో మీరు తల దించుకుని, పొడిపొడిగా రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటే, మీ బృందానికి మీ భయం కనిపించదు. ‘మేడమ్‌కు మేమంటే ఇష్టం లేదేమో’ అనే అనిపిస్తుంది. వాళ్లూ దూరం జరుగుతారు. ఆ దూరం మీకు రుజువుగా కనిపిస్తుంది.

చెప్పాల్సింది మనసులో పదేపదే అనుకోవడం కూడా మేలు చేయడం లేదు. మీ దృష్టంతా మీ గొంతు వణుకుతోందా, గుండె కొట్టుకోవడం బయటికి తెలుస్తోందా అన్న దాని మీదే ఉంటే, ఎదుటివారి మాట సగమే చెవిన పడుతుంది. మిగతా సగం మళ్లీ భయమే పూరిస్తుంది. నిజానికి మనలోని కంగారు మనం అనుకున్నంతగా బయటికి కనిపించదని పరిశోధనల్లో తేలింది.

ఇక ఏం చేయాలి? ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. మనసు చివుక్కుమన్న ప్రతిసారీ ఎడమవైపు అవతలివారు అన్న మాటను అన్నది అన్నట్టే రాయండి. కుడివైపు అందులో మీకు వినిపించింది రాయండి. రెండు వారాలయ్యాక చూస్తే కుడివైపున ఒకే వాక్యం రకరకాలుగా మళ్లీ మళ్లీ కనిపించే అవకాశం ఎక్కువ. మీరు పనిచేయాల్సింది ఆ వాక్యం మీదే.

రెండోది, అడగడం. ‘ఆలస్యమైందని కంగారు పడ్డారా, కోపం వచ్చిందా?’ అని నెమ్మదిగా అడిగితే గొడవ మొదలయ్యేచోటే ఆగిపోతుంది. అధికారి మెసేజ్‌కు ‘ఏ విషయమో చెబితే కాగితాలు సిద్ధం చేసుకుని వస్తాను’ అని బదులివ్వండి. అందులో చిన్నతనం ఏమీ లేదు. మెసేజ్‌లో గొంతు వినిపించదు కాబట్టి, సందేహం వస్తే ఫోన్ చేసి మాట్లాడటమే మంచిది. మీటింగులో రిహార్సల్ మానేసి, మాట్లాడేవారి ముఖం వైపు చూస్తూ వాళ్లు చెప్పేది పట్టుకోవడానికి ప్రయత్నించండి. మొదట్లో కష్టంగానే ఉంటుంది.

ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి. ప్రతి విమర్శా మీ ఊహే అనడం లేదు. ఎవరైనా నిజంగా అవమానిస్తుంటే, వేధిస్తుంటే అది మీ ఆలోచన మార్చుకుంటే పోయేది కాదు. పుస్తకంలో ఎడమవైపు మాటలే కటువుగా ఉంటే పైవారికి ఫిర్యాదు చేయాల్సిందే.

జబ్బా అని అడిగారు. ఉత్తరం చూసి నిర్ధారించలేను. నలుగురూ తప్పు పడతారన్న భయం ఆరు నెలలకు మించి ఉండి, పనినీ ఇంటినీ దెబ్బతీస్తుంటే సోషల్ యాంగ్జైటీ డిజార్డర్ కావచ్చు. మీ లక్షణాలు ఆ వైపే చూపుతున్నాయి కాబట్టి మానసిక వైద్యుణ్ని గానీ క్లినికల్ సైకాలజిస్టును గానీ ఒకసారి కలవండి. కుంగుబాటు ఉందేమో కూడా వాళ్లు చూస్తారు. సోషల్ యాంగ్జైటీకి ముందుగా సూచించే చికిత్స కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. అంటే ఆలోచనల తీరునూ ప్రవర్తననూ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స. సాధారణంగా కొన్ని నెలల పాటు వారానికోసారి వెళ్లాల్సి ఉంటుంది. అవసరమైతే ఆందోళన, కుంగుబాటులకు వాడే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మందులు ఇస్తారు. వాటి ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. ఉన్నట్టుండి సొంతంగా ఆపకూడదు. ఎవరో చెప్పారని, కంగారును వెంటనే తగ్గించే ఆల్ప్రజోలామ్ లాంటి మాత్రలు మాత్రం కొని వేసుకోవద్దు. అవి అలవాటుగా మారతాయి.

మీరు ‘నా గురించేనేమో’ అని రాశారు. ఆ సందేహం మిగిలి ఉండటం మంచి సూచన. అందరూ కలిసి కుట్ర చేస్తున్నారన్న నమ్మకం గట్టిపడినా, ఎవరూ లేకుండా మాటలు వినిపించినా, బతకాలని లేదన్న ఆలోచన వచ్చినా ఆలస్యం చేయకుండా అదే రోజు వైద్యుణ్ని కలవండి.