లైబ్రరీలో వీడియో కెమెరాలన్నీ అయిపోతే ఏం చేయాలి?

సెమిస్టర్ చివర్లో క్యాంపస్ లైబ్రరీలో క్యామ్‌కార్డర్లన్నీ ఎవరో ఒకరు పట్టుకెళ్లిపోయారు, వచ్చే వారమే ఇంటర్వ్యూ వీడియో సబ్మిట్ చేయాలి, కొనడం తప్ప దారి లేదా అని అడిగారు. కొనకండి. అమెరికాలో ఎమ్మెస్ చేసేటప్పుడు నాకూ ఇదే అయింది.

వెయిటింగ్ లిస్టులో నాది ఆరో పేరు. వెనక్కి తిరగబోతూ, పోనీ స్టిల్ కెమెరాలున్నాయా అని అడిగాను. వీడియో కూడా తీయగల రెండు కానన్ డీఎస్ఎల్ఆర్ కెమెరాలు అల్మారాలో ఖాళీగా కూర్చున్నాయి! జాబితాలో అవి ఫొటో కెమెరాల కింద ఉంటే, వీడియో కావాల్సినవాళ్లు అటు చూడనే చూడరు. ఒక్క చిక్కుంది. పాతవాటిలో చాలావరకు 29 నిమిషాల 59 సెకన్లకు రికార్డింగ్ దానంతటదే ఆగిపోతుంది. నేను చూసుకోలేదు. నేను ఇంటర్వ్యూ చేస్తున్న ప్రొఫెసర్‌గారు అసలు విషయంలోకి వచ్చింది సరిగ్గా ఆ తర్వాతే.

అవీ దొరక్కపోతే ఫోన్ చాలు, నిజంగా. తర్వాతి ప్రాజెక్టంతా ఫోన్‌తోనే తీశాను, బొమ్మ గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. దెబ్బతినేది సౌండే. ఫోన్ ఆరడుగుల దూరంలో ఉంటే మనిషి గొంతు కన్నా ఏసీ మోతే ఎక్కువ వినిపిస్తుంది. కెమెరాలు లేకపోయినా కాలర్ మైకు, ట్రైపాడ్ ఉన్నాయేమో కౌంటర్లో అడగండి, మాకు అవి మిగిలే ఉండేవి. మైకు లేదంటే రూమ్మేట్ ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి, మాట్లాడేవాళ్ల చొక్కా జేబులో పెట్టించండి. మొదట్లో కెమెరాకు కనపడేలా ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. ఎడిటింగ్‌లో ఆ చప్పుడు దగ్గర ఆడియో గీత నిటారుగా లేస్తుంది, రెండు రికార్డింగులనూ అక్కడ కలిపేయడమే. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లో ఈ పని హాయిగా అయిపోతుంది.

ఐఫోన్‌లో 4కే క్వాలిటీతో, సెకనుకు 30 ఫ్రేములతో తీస్తే నిమిషానికి దాదాపు 170 ఎంబీ, అంటే గంటకు 10 జీబీ. క్లాసు ప్రాజెక్టుకి అంతకన్నా తక్కువ క్వాలిటీ, 1080పీ చాలు, మూడో వంతు స్థలంతో సరిపోతుంది. ఏరోప్లేన్ మోడ్ మరిచిపోకండి. మనకు రాత్రంటే ఇంట్లో వాళ్లకు పొద్దున, అమ్మ వాట్సాప్ కాల్ సరిగ్గా అప్పుడే వస్తుంది.

ఇండియా నుంచి తెచ్చుకున్న కెమెరా ఫ్రెండ్స్ దగ్గరుంటే అడగండి, కానీ సెట్టింగ్ 25 ఫ్రేముల నుంచి 30కి, షటర్ స్పీడ్ 1/60 సెకనుకి మార్చండి. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, ఇండియాలో 50 కాబట్టి, మార్చకపోతే ట్యూబులైట్ల కింద వీడియో మినుకుమినుకుమంటుంది.

లిస్టులో పేరు మాత్రం తీసేయకండి. నాకు కెమెరా వచ్చిందని మెయిల్ వచ్చింది, సబ్మిట్ చేసిన మర్నాడు.