సీమలో వసంతం ఉందా అంటే ఉంది, మా కదిరి పక్క చూసింది చెప్తా

"మన సీమలో వసంతం ఎక్కడుంది, చలి పోగానే నేరుగా ఎండలే కదా, ఇంక ప్రకృతికీ మనిషికీ అది చేసే మేలేంది" అని అడిగినారు కదా. నేను కదిరి పక్క పల్లెలో పుట్టి పెరిగినదాన్ని, ఇప్పుడు అనంతపురం టౌన్‌లో ఉంటాం. వసంతం ఉందండి, కాకపోతే పొట్టిది. శివరాత్రి అయిన కాడి నుంచి ఉగాది దాటి ఇంకొన్నాళ్ళు, ఆ తర్వాత మీరన్నట్టు ఎండలే.

ముందు చెట్ల సంగతి. ఫిబ్రవరి, మార్చిలో మన దగ్గర వాన అనేదే ఉండదు, చెరువులు అడుగంటుతుంటాయి, అయినా కానుగచెట్టు ఆకంతా రాల్చేసి కొన్నాళ్ళకే నిగనిగలాడే లేతాకు వేసుకుంటుంది, రావి అయితే రాగి రంగు చిగురు. నీళ్ళు లేకుండా ఎట్లా అంటే, ముదురాకు రాలిపోయినందువల్ల ఆవిరైపోయే నీళ్ళు తగ్గుతాయి, లోతుకు పోయిన వేర్లు కింద మిగిలిన తేమను లాగుతాయి, పగలు పొడుగవుతోంది వేడి పెరుగుతోంది అనేది చెట్టుకు తెలుస్తుంది, దాంతో చిగురేస్తుంది. జూన్‌లో వాన పడే టైంకి ఆకు రెడీగా ఉంటుంది. అదే రోజుల్లో కొండల్లో మోదుగ, ఆకు లేని కొమ్మల నిండా ఎర్రగా పూసి ఉంటుంది, దాని తేనె కోసం గోరింకలు, తేనెపిట్టలు ఎగబడతాయి. ఆ వెనకే యాపపూత, దాని మీద తేనెటీగలు. అప్పటికి చేన్లలో బోర్ల కింద తప్ప పచ్చదనం ఉండదు కాబట్టి పిట్టకైనా ఈగకైనా ఈ చెట్ల పూతే తిండి, నన్నడిగితే మన పక్క వసంతం చేసే అతి పెద్ద మేలు ఇదే, వానలొచ్చే దాకా ఇన్ని ప్రాణాలను నిలబెడుతుంది.

ఇంక మనుషుల సంగతి. చలిదేశాల్లో చలికాలం పగలు ఏడెనిమిది గంటలే, వెలుతురు చాలక మనసు కుంగిపోయే జబ్బు ఒకటి ఉంది, 1984లో నార్మన్ రోసెంతాల్ అనే డాక్టరు, ఆయనతో పనిచేసినవాళ్ళు దాని గురించి రాసినారు, అక్కడ వసంతం వచ్చి ఎండ కాస్తే మనిషి తేరుకుంటాడు. మనకు డిసెంబర్‌లో కూడా పగలు పదకొండు గంటల పైనే కాబట్టి ఆ లెక్క మనకు అంతగా పట్టదు. మన దగ్గర మేలు ఇంకో దారిలో వస్తుంది, మనిషిని ఇంట్లో నుంచి బయటికి తెచ్చి పదిమందిలో కూర్చోబెడుతుంది.

మా నాన్న పోయినాక అమ్మ ఎవరితో మాట్లాడేది కాదు, తిండి సరిగా లేదు, నిద్ర లేదు. డాక్టరుకు చూపించినాం, మాత్రలు వాడినాం, అది చేయాల్సిందే, కుంగుబాటు ఉన్నవాళ్ళకు వసంతమే మందు అని ఎవరన్నా చెప్తే నమ్మొద్దండి. కానీ ఆమె మళ్ళీ నోరు తెరిచి మాట్లాడింది మాత్రం చింతపండు కాలంలోనే. మా ఊర్లో చింతకాయ రాల్చినాక ఆడోళ్ళంతా ఒక అరుగు మీద చేరి పెంకు తీసి, రాయి మీద గింజ కొట్టి, ఈనెలు లాగి, మధ్యాహ్నం దాకా కూర్చుంటారు, కొందరు కేజీకి ఇంత అని కూలికి చేస్తారు, కొందరు ఇంటికోసం. మా మేనత్త వచ్చి "వదినా నువ్వొస్తేగానీ ఈ బుట్ట తెమల్దు" అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. చేతులకు పని ఉంటాది, ఎవరి మొహమూ చూసి మాట్లాడాల్సిన పని లేదు, మాట దానంతటదే వస్తుంది. కొన్నాళ్ళకు అమ్మే పొద్దున్నే లేచి యాపచెట్టు కింద పాత చీర పరిచి రాలిన పూత ఏరడం మొదలుపెట్టింది, దాన్ని నీడలో ఆరబెట్టి డబ్బాకెత్తి ఏడాదంతా నేతిలో వేయించి అన్నంలో పెట్టేది. పొద్దుటి వెలుతురు కంటికి తగిలితే ఒంట్లో గడియారం సర్దుకుని రాత్రి నిద్ర బాగా పడుతుందంటారు, అమ్మ విషయంలో అది కళ్ళారా చూసినా.

పండగలు కూడా ఆ రోజుల్లోనే పెట్టినారు పెద్దలు. ఫాల్గుణంలో మా కదిరి తేరు, నరసింహస్వామిని వసంతవల్లభుడు అనే పిలుస్తారు, జనం తేరు మీద మిరియాలు, దవనం చల్లుతారు, ఊరంతా ఆ వాసనే. ఉగాదికి కడప ఊర్లోనే ఉండే దేవుని కడప గుడికి ముస్లింలు వచ్చి అక్కడి వెంకటేశ్వరస్వామికి మొక్కుకుని పోతారు, ఎన్నో తరాలుగా జరుగుతోంది, అది కూడా ఈ కాలం చేసే మేలే అని నేను గట్టిగా అనుకుంటా.

ఒక్క విషయం మాత్రం కడుపు మండిపోతుంది. సరిగ్గా ఇదే టైంలో కొండ మీద ఎండిన బోదగడ్డికి నిప్పు పెడతారు, కొత్త గడ్డి బాగా వస్తుందని. లేత చిగురు, నేల మీద గుడ్లు పెట్టే పిట్టల గూళ్ళు అన్నీ బూడిదే. మీ ఊర్లో ఎవరన్నా చేస్తుంటే దయచేసి ఆపండి, ఫారెస్టు వాళ్ళకు ఫోన్ చేయండి.

పిల్లలకు చూపించాలంటే హిందూపురం పక్క చిలమత్తూరు మండలం వీరాపురం పోండి. పెద్ద కొంగలు చింతచెట్ల మీద గూళ్ళు కట్టి పిల్లల్ని పెంచుతుంటాయి, ఊరోళ్ళు వాటిని సొంత బిడ్డల్లా చూసుకుంటారు. సైబీరియా నుంచి వస్తాయని చాలామంది అంటారు గానీ అవి మన దక్షిణాసియా పక్షులే. పొద్దున ఎనిమిదిలోపు చేరుకోండి, ఎండెక్కితే పిల్లలు తట్టుకోలేరు, చెట్ల కింద హారన్లు కొట్టొద్దు, గూళ్ళ దగ్గర గట్టిగా అరవనీయొద్దు.