రూబీ చాక్లెట్ కుకీలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: రూబీ చాక్లెట్ ముక్కలతో కుకీలు చేశాను. పిండిలో కలిపినప్పుడు చక్కటి గులాబీ రంగులో ఉన్నాయి. ఒవెన్‌లోంచి తీసేసరికి బూడిద రంగుకు తిరిగాయి, ఒకటి రెండు చోట్ల ఆకుపచ్చ ఛాయ కూడా కనిపించింది. ఎప్పుడూ చేసే చాకోచిప్ కుకీల కొలతలే వాడాను: అర టీస్పూను వంటసోడా, బ్రౌన్ షుగర్, ఒక గుడ్డు. చాక్లెట్ పాడైపోయిందా?

జవాబు: చాక్లెట్ బాగానే ఉంది. రంగును చెడగొట్టింది సోడా. రూబీ అంటే విడిగా రంగు కలపకుండానే గులాబీ రంగులో ఉండే చాక్లెట్ రకం, దాని రంగు పులుపుతో ముడిపడి ఉంది. ప్యాకెట్ వెనక పదార్థాల జాబితాలో సిట్రిక్ యాసిడ్ కనిపించేది అందుకే. పులుపు తగ్గి క్షారగుణం పెరిగితే రంగు బూడిదకు, నీలానికి, ఆకుపచ్చకు దిగిపోతుంది. కావాలంటే రెండు చిన్న ముక్కలు వేర్వేరుగా కరిగించి చూడండి. ఒకదానిలో సోడా కలిపిన నీళ్లు ఒక చుక్క, రెండోదానిలో నిమ్మరసం ఒక చుక్క వేసి కలపండి. రెండూ ముద్దకట్టేస్తాయి, ఆ సంగతి వదిలేయండి. రంగుల్లో తేడా మాత్రం కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది.

గుడ్డులో తెల్లసొనకు కూడా క్షారగుణం ఉంది. పచ్చసొనకు లేదు. అందుకే ఈ కుకీలకు పచ్చసొనలే వాడాలి. బ్రౌన్ షుగర్ వల్ల రంగు చెడదు కానీ కుకీ నల్లబడి గులాబీ ముక్కలు అందులో కలిసిపోతాయి. తెల్ల చక్కెర వాడితే పిండి లేత రంగులో ఉండి ముక్కలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

16 కుకీలకు కొలతలివి: మైదా 180 గ్రాములు, ఉప్పులేని బటర్ 115 గ్రాములు, తెల్ల చక్కెర 110 గ్రాములు, పచ్చసొనలు 2, పాలు ఒక టేబుల్ స్పూను, బేకింగ్ పౌడర్ అర టీస్పూను, ఉప్పు పావు టీస్పూను, రూబీ చాక్లెట్ 150 గ్రాములు. బేకింగ్ పౌడర్‌లోనూ సోడా ఉంటుంది కానీ దాన్ని విరిచే ఆమ్లం కూడా అందులోనే ఉంటుంది కాబట్టి రంగుకు పెద్దగా చేటు లేదు.

బటర్ మీద వేలితో నొక్కితే గుంట పడాలి, జారిపోకూడదు. చక్కెర వేసి రెండు నిమిషాలు గిలకొట్టి, సొనలు, పాలు కలపండి. జల్లించిన మైదా, బేకింగ్ పౌడర్, ఉప్పు వేసి పొడి పిండి కనిపించనంత వరకే కలిపి ఆపేయండి. 100 గ్రాముల రూబీ ముక్కలు ఇప్పుడు కలిపి, 35 గ్రాముల ఉండలు చేసి, ఫ్రిజ్‌లో కనీసం గంట ఉంచండి. మిగతా 50 గ్రాములు పక్కన పెట్టండి.

170 డిగ్రీల సెల్సియస్‌లో 11 నుంచి 12 నిమిషాలు బేక్ చేయాలి. అంచులు గట్టిపడి, నడిమి భాగం ఇంకా మెత్తగా ఉండగానే తీసేయండి. సోడా లేకపోయినా వేడికి పైముక్కల అంచులు గోధుమరంగుకు తిరుగుతాయి. చాక్లెట్‌లో ఉన్న పాలపొడి, చక్కెర కమిలిపోవడం వల్ల జరిగేది అది. దాన్ని పూర్తిగా ఆపలేం. అందుకే పక్కన పెట్టిన 50 గ్రాములు ఇక్కడ పనికొస్తాయి: ట్రే బయటికి తీసి రెండు నిమిషాలు ఆగి, ఒక్కో కుకీ మీద మూడు నాలుగు ముక్కలు సగం దిగేలా గుచ్చండి. లోపలి ముక్కలు రుచికి, పైవి రంగుకు.

ప్రశ్న: అలా వేడి మీద గుచ్చిన ముక్కలు మర్నాటికి తెల్లటి మచ్చలు కట్టాయి. బూజు అనుకుని పారేశాను.

జవాబు: అయ్యో, అది బూజు కాదు, తినొచ్చు. కరిగిన కొకో బటర్ (కొకో గింజల కొవ్వు) సరిగా గడ్డకట్టక పైకి తేలినప్పుడు అలా తెల్లబడుతుంది. వేలితో రుద్దితే జిడ్డుగా కరిగిపోతుంది. అలా కాకుండా గరుకుగా ఉండి, తడివేలికి మాయమైతే అది చక్కెర మచ్చ. ఫ్రిజ్‌లోంచి తీసిన చాక్లెట్ మీద చెమ్మ పట్టడం వల్ల వస్తుంది.

కుకీలు ఆ రోజే తినేస్తే గుచ్చడం చాలు. రెండు మూడు రోజులు ఉంచాలన్నా, ఎవరికైనా ఇవ్వాలన్నా పూర్తిగా చల్లారాక టెంపర్ చేసిన రూబీలో సగం వరకు ముంచండి. టెంపర్ చేయడమంటే చాక్లెట్ మెరుస్తూ గట్టిపడేలా కొలిచిన వేడికి కరిగించి, కలుపుతూ చల్లార్చడం. 200 గ్రాముల్లో మూడింట రెండు వంతులు 45 డిగ్రీలకు మించకుండా కరిగించండి. మైక్రోవేవ్‌లో అయితే సగం పవర్ మీద 20 సెకన్లకోసారి తీసి కలపాలి. మిగిలిన వంతు సన్నగా తరిగి కొద్దికొద్దిగా వేస్తూ, 29 డిగ్రీల దాకా దిగేవరకు కలుపుతూనే ఉండండి. చాకు కొస ముంచి పక్కన పెడితే ఐదు నిమిషాల్లో మెరుస్తూ గట్టిపడాలి. గట్టిపడకపోతే ఇంకాస్త తరుగు వేసి కలపండి. థర్మామీటరు లేకుండా అంచనా మీద చేయొద్దు, ఈ చాక్లెట్‌కు రెండు డిగ్రీల తేడా కూడా ఎక్కువే. గిన్నె, గరిట పొడిగా ఉండాలి. ఒక్క నీటిబొట్టు చాలు, గరగరలాడే ముద్దయిపోతుంది.

ప్రశ్న: గుడ్డు వాడం. బదులు ఏం వేయాలి?

జవాబు: నీళ్లు వడకట్టిన గట్టి పెరుగు 40 గ్రాములు. సొనలు, పాలు రెండూ మానేయండి. పెరుగు పులుపు రంగుకు మేలే చేస్తుంది, రూబీ రుచికీ అతుకుతుంది. కాకపోతే కుకీ కాస్త కేకులా మెత్తగా వస్తుంది. మైదా వేశాక ఎంత తక్కువ కలిపితే అంత మంచిది.

ప్రశ్న: గులాబీ రంగు చిప్స్ అని ఉన్నవన్నీ రూబీయేనా?

జవాబు: కాదు. జాబితా చదవండి. కొకో బటర్, కొకో మాస్ (కొకో గింజలు నూరిన ముద్ద), పాలపొడి ఉండి, విడిగా రంగు కలపకపోతే రూబీ. కొకో బటర్ బదులు పామ్ నూనెలాంటి కొవ్వులు, ఏదైనా రంగు ఉంటే అది కాంపౌండ్. దానికి టెంపరింగ్ అక్కర్లేదు, ఒవెన్‌లో రంగు కూడా బాగానే నిలుస్తుంది. కానీ రూబీలో ఉండే పండు పులుపు అందులో దొరకదు. డార్క్, మిల్క్, వైట్ తర్వాత నాలుగో రకం అంటూ బారీ కాలెబో సంస్థ రూబీని 2017 సెప్టెంబరులో షాంఘైలో విడుదల చేసింది. పాలు పడనివాళ్లకు ఇది పనికిరాదు, అందులో పాలపొడి చాలానే ఉంటుంది.

ప్రశ్న: రుచి బాగుంది కానీ తీపి ఎక్కువైంది. డార్క్ కొకో పొడి కలిపితే సరిపోతుందా?

జవాబు: కొకో పొడి వద్దు. రూబీ సున్నితమైన రుచి దాని కింద అణిగిపోతుంది. పైగా డచ్ ప్రాసెస్ కొకోను క్షారంతోనే శుద్ధి చేస్తారు. చక్కెర 90 గ్రాములకు తగ్గించండి, అంతకన్నా తగ్గిస్తే కుకీ పరుచుకోదు. ఒక నిమ్మకాయ తొక్క పసుపు భాగం మాత్రం తురిమి చక్కెరలో వేళ్లతో నలపండి. పైన రెండు ఉప్పు పలుకులు చల్లండి. పిస్తా పలుకులు బాగా నప్పుతాయి.

ప్రశ్న: మిగిలిన చాక్లెట్ అల్మరాలో గాజు సీసాలో పెడితే రంగు వెలిసిపోయింది.

జవాబు: వెలుతురు, గాలి రెండూ రూబీకి పడవు. ప్యాకెట్‌లో గాలి పిండేసి మూతి బిగించి, వెలుగు చొరని డబ్బాలో 20 డిగ్రీలు దాటని చోట పెట్టండి. చేసిన కుకీలకూ అంతే, గాజు సీసా కన్నా స్టీలు డబ్బా మేలు. ఇంకా బేక్ చేయని పిండి ఉండలైతే ఫ్రీజర్‌లో రెండు నెలలు నిలుస్తాయి. గడ్డగా ఉన్నవాటినే నేరుగా ట్రేలో పెట్టి, రెండు నిమిషాలు ఎక్కువ బేక్ చేయండి.