ట్రైనింగులన్నీ చేసినా 7వ తరగతిలో 1/2 + 1/3 దగ్గరే ఆగిపోతుంటే: లెక్కల టీచర్లు ఒకరికొకరు ఎలా సాయపడాలి

మేడం, మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. ఆదోని వైపు జడ్పీ హైస్కూల్లో లెక్కల స్కూల్ అసిస్టెంటుగా చేస్తున్నారు. ట్రైనింగులకు వెళ్లారు, దీక్షా (టీచర్ల ఆన్‌లైన్ శిక్షణ వేదిక) కోర్సులు పూర్తి చేశారు. అయినా 7వ తరగతిలో 40 మందిలో సగానికి పైగా 1/2 + 1/3 = 2/5 అనే రాస్తున్నారు. చుట్టుపక్కల స్కూళ్ల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగులో కూర్చున్నా ఈ ఒక్క విషయానికి సాయం దొరకడం లేదు.

ట్రైనింగ్ హాల్లో పిల్లలు ఉండరు. అక్కడ కృత్యం చేసి చూపిస్తారు, మనమూ పెద్దవాళ్లం కాబట్టి ఠక్కున అర్థమైపోతుంది. ఆ కృత్యం తరగతిలో ఎక్కడ తిరగబడుతుందో మాత్రం తెలియదు. 2020 జాతీయ విద్యావిధానం ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటల వృత్తిపర శిక్షణ పొందాలంది. అందులో కొన్ని గంటలైనా మన పిల్లల కాగితాల మీద గడవాలి. మీటింగుకు ఉపన్యాసం కాదు, పిల్లలు రాసిన చీటీలు పట్టుకెళ్లండి. చుట్టుపక్కల స్కూళ్ల టీచర్లతో కలిసి మేం చేసే పద్ధతి ఇది, వివరంగా రాస్తాను.

ముందు చీటీ పెట్టండి. పావు కాగితం, 10 నిమిషాలు, మార్కులు లేవని పిల్లలకు ముందే చెప్పాలి. నాలుగే ప్రశ్నలు: 1/3, 1/4 లలో ఏది పెద్దది, ఎందుకు? 0 నుంచి 1 దాకా గీత గీసి 3/4 ఎక్కడుందో గుర్తించండి. 1/2 + 1/3 ఎంత? 2/5 అనేది సగం కంటే ఎక్కువా, తక్కువా? ప్రశ్నలు తెలుగు, ఇంగ్లీషు రెండింట్లోనూ ఉండాలి. ‘ఎందుకు’ అన్నదానికి తెలుగులో రాయమనండి. లేకపోతే పిల్లవాడికి ఇంగ్లీషు రాలేదో లెక్క రాలేదో మీకే తేలదు.

తర్వాత ఆ చీటీలను మార్కుల ప్రకారం కాకుండా జవాబుల ప్రకారం కుప్పలు పెట్టండి. అసలు పని ఇక్కడే ఉంది. 2/5 రాసినవాళ్లు ఒక కుప్ప. వాళ్లు భిన్నాన్ని ఒకే సంఖ్యగా చూడటం లేదు, పైన ఒక అంకె, కింద ఒక అంకె, అంతే. ఒకటో తరగతి నుంచి కూడిక గుర్తు కనబడితే కనబడిన అంకెలన్నీ కలిపారు, ఇక్కడా అదే చేశారు. 2/6 రాసినవాళ్లు వేరే కుప్ప. వీళ్లు క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం, ఇక్కడ 6) తీశారు గానీ లవాలు (పై అంకెలు) మార్చలేదు. అంటే సూత్రం సగం గుర్తుంది, కారణం లేదు. 1/6 వచ్చిందంటే గుణకారం చేసేశారు. భిన్నాల గుణకారం ఇటీవలే చెప్పి ఉంటే ఈ కుప్ప పెద్దదవుతుంది. ఖాళీగా ఇచ్చినవాళ్లు మరో కుప్ప. మన అలవాటు ప్రకారం ఇవన్నీ ‘తప్పు’ అని ఒక్క గీత కొట్టి, అందరికీ మళ్లీ అదే క.సా.గు. పద్ధతి బోర్డు మీద చేసి చూపిస్తాం. 2/6 కుప్పకు దానివల్ల కొంత లాభం. 2/5 కుప్పకు ఏమీ లేదు.

ఇంకొకటి చూడండి. 2/5 కుప్పలోని పిల్లలు మొదటి ప్రశ్నకు ‘1/4 పెద్దది, ఎందుకంటే 4 పెద్దది’ అని రాశారా? రాసి ఉంటే కూడిక జోలికి పోకండి. రెండు పీరియడ్లు భిన్నాల పరిమాణం మీదే ఉండాలి.

సామగ్రికి డబ్బు అక్కర్లేదు. ఒక ఏ4 కాగితం పొడవు 29.7 సెం.మీ., వెడల్పు 21 సెం.మీ. పొడవును 24కు కత్తిరించి, 3 సెం.మీ. వెడల్పున పట్టీలు తీస్తే సరిగ్గా ఏడు వస్తాయి. ఒకటి అలాగే ఉంచండి, మిగతావాటిని సగాలు (12 సెం.మీ.), మూడో వంతులు (8), నాలుగో వంతులు (6), ఆరో వంతులు (4), ఎనిమిదో వంతులు (3), పన్నెండో వంతులు (2) చేయండి. నలుగురు పిల్లల గుంపుకు ఒక ఏ4 కాగితం, 40 మందికి పది. 24 ఎందుకంటే ఈ వంతులన్నీ పూర్తి సెంటీమీటర్లలో వస్తాయి. ఐదో వంతు మాత్రం 4.8 అవుతుంది కాబట్టి ఈ సెట్‌తో కుదరదు. దానికి 20 సెం.మీ. పట్టీ వేరుగా చేసుకోవాలి. మూడో వంతును మడత పెట్టించవద్దు, ఎప్పుడూ కాస్త వంకర పోతుంది. స్కేలు పెట్టి 8, 16 దగ్గర గుర్తు పెట్టించండి. పల్చటి కాగితమైతే ఫ్యాను గాలికే ఎగిరిపోతుంది, పాత క్యాలెండర్ షీట్లు మేలు. అన్నిటికంటే ముఖ్యం, అన్ని గుంపులకూ పూర్తి పట్టీ ఒకే పొడవు ఉండాలి. ఒక గుంపుది 24, ఇంకో గుంపుది 23 అయితే వీళ్ల సగం, వాళ్ల సగం సరిపోవు, పాఠం మొత్తం పక్కదారి పడుతుంది.

పాఠంలో మొదట సూత్రం వద్దు. సగం పట్టీ పక్కన మూడో వంతు పట్టీ చేర్చి పెట్టమనండి. ‘ఈ మొత్తం పొడవు ఒకే సైజు ముక్కలతో కచ్చితంగా నిండాలి. ఏ ముక్కలు పడతాయి?’ అని అడిగి ఊరుకోండి. పిల్లలు నాలుగో వంతులు పెట్టి చూస్తారు. మూడు పెడితే ఖాళీ మిగులుతుంది, నాలుగు పెడితే బయటికొస్తుంది. ఎనిమిదో వంతులూ అంతే. ఆరో వంతులు ఐదు పెడితే సరిగ్గా కూర్చుంటాయి. ఇంకో గుంపు పన్నెండో వంతులు పది పెట్టి ‘మాదీ సరిపోయింది టీచర్’ అంటుంది. 5/6, 10/12 రెండూ బోర్డు మీద పక్కపక్కనే రాయండి. అప్పుడు 2/5 తెచ్చి, ‘ఇది సగం కంటే ఎక్కువా తక్కువా?’ అని అడగాలి. సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తక్కువ ఎలా వచ్చిందన్న ప్రశ్న వాళ్ల నోటి నుంచే రావాలి. ఆ మాట మీరు అనేస్తే పాఠం బలం పోతుంది.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు ఒకటుంది. పట్టీలతో అందరికీ జవాబు వస్తుంది, నోటు పుస్తకం తీయగానే మళ్లీ 2/5 రాస్తారు. పట్టీ ఒక రోజు, అంకెలు ఇంకో రోజు చేయడమే దానికి కారణం. సగం పట్టీ మీద మూడు ఆరో వంతులు పరిచిన క్షణంలోనే, దాని పక్కన 1/2 = 3/6 అని రాయించాలి. మూడో వంతు మీద రెండు పరిచి 1/3 = 2/6. తర్వాతే 3/6 + 2/6. 2/6 కుప్ప పిల్లలకు అవసరమైంది కూడా సరిగ్గా ఈ మెట్టే.

ఇప్పుడు తోటి టీచర్ల సాయం సంగతి. మీ స్కూల్లో రెండో లెక్కల టీచరు లేకపోతే ఫిజికల్ సైన్స్ టీచరైనా ఫర్వాలేదు, భిన్నాలు రాని పిల్లలతో ఆయనకూ ఇబ్బందే. ఆయన లీజర్ పీరియడ్‌లోనే మీ పాఠం పెట్టుకోండి, సర్దుబాటు గొడవ ఉండదు. ఆయన ఒకే గుంపు పక్కన కూర్చోవాలి. చూడాల్సింది మిమ్మల్ని కాదు, ఆ నలుగురిని. కాగితం మీద మూడు గడులు: టైము, పిల్లలు అన్నది లేదా రాసింది ఉన్నది ఉన్నట్టు, అప్పుడు టీచరు చేసింది. ‘బాగుంది’, ‘పాల్గొన్నారు’ లాంటి మాటలు రాయకూడదు. పిల్లలకు జవాబు అందించకూడదు. మనలో చాలామందికి ఇదే కష్టం, చేయి ఊరుకోదు. హెచ్‌ఎం గారికి ముందే చెప్పి పెట్టండి, ఈ కాగితం తనిఖీ రిజిస్టరులోకి పోదని. పోతుందంటే ఇంకెవరూ తలుపు తీయరు.

పాఠం అయ్యాక అరగంట మాట్లాడుకోండి. చెప్పిన టీచరే మొదలుపెట్టాలి, తర్వాత చూసినవారు రాసుకున్నది చదవాలి. సలహాలు చివరి పది నిమిషాల్లోనే.

కాంప్లెక్స్ మీటింగులో 45 నిమిషాలు అడగండి. మూడు నాలుగు స్కూళ్ల నుంచి అదే చీటీ పెట్టించి తెమ్మనండి, పిల్లల పేర్లు మడిచేసి. అందరూ కలిసి కుప్పలు పెట్టి, ఒక పాఠం రాసి, నెలలోపు వేర్వేరు స్కూళ్లలో ఇద్దరు చెప్పి చూడాలి. చురుకైన పిల్లల్ని ఏరి కూర్చోబెట్టే మోడల్ పాఠం వద్దు, దానివల్ల ఎవరికీ ఏమీ తెలియదు. ప్రాథమిక తరగతులు చెప్పే ఎస్జీటీలను తప్పక పిలవండి, ఈ తప్పు మొలకెత్తేది వాళ్ల తరగతుల్లోనే. కర్నూలు వైపు వాళ్లకు బి.తాండ్రపాడు డైట్ (జిల్లా టీచర్ శిక్షణ సంస్థ), అనంతపురం వైపు వాళ్లకు బుక్కపట్నం డైట్ ఉన్నాయి. అక్కడి ఛాత్రోపాధ్యాయులు టీచింగ్ ప్రాక్టీసుకు మీ స్కూలుకు వస్తే, పక్కన కూర్చుని రాసుకునే పని వాళ్లకు అప్పగించండి. వాళ్లకూ నేర్చుకున్నట్టుంటుంది.

ఫోన్లో వీడియో తీయాలనుకుంటే 12 నిమిషాలు చాలు. ఫోను బోర్డు వైపు కాకుండా గుంపు బల్ల మీదకు, చేతులు, పట్టీలు మాత్రమే కనబడేలా పెట్టండి. పిల్లల ముఖాలున్న వీడియోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టవద్దు.

మూడు వారాల తర్వాత రెండే ప్రశ్నలతో మళ్లీ చీటీ: 1/4 + 1/3 ఎంత, జవాబు సగం కంటే ఎక్కువా తక్కువా? వెంటనే మర్నాడు పెడితే అందరికీ వచ్చినట్టే కనబడుతుంది, నమ్మకండి.

మీ వైపు సుగ్గి వలసల సంగతి మీకు తెలియంది కాదు. కోసిగి, మంత్రాలయం, ఆదోని పల్లెల నుంచి మిరప కోతలకు గుంటూరు వైపు అమ్మానాన్నలతో పోయే పిల్లలకు ఈ పాఠమే దక్కకపోవచ్చు. వాళ్ల కోసం ఒక పట్టీల సెట్ కవర్లో వేసి బీరువాలో ఉంచండి. తిరిగొచ్చిన వారంలోనే ఆ నాలుగు ప్రశ్నల చీటీ పెట్టి, ఏ కుప్పలో ఉన్నారో చూసి, 5/6 కనుక్కున్న గుంపులోని పిల్లవాడి పక్కన రెండు పీరియడ్లు కూర్చోబెట్టండి. ఆ పిల్లవాడికి ఒక్క షరతు పెట్టాలి, జవాబు చెప్పకూడదు, పట్టీలు మాత్రమే అందించాలి.