14.100లో బీకన్ వినపడకపోవడానికి అసలు కారణం

బీకన్ అంటే రేడియో తరంగాలకు ఏ వైపు దారి తెరుచుకుందో తెలియడానికి గడియారం ప్రకారం సంకేతాలు పంపే ఆటోమేటిక్ షార్ట్‌వేవ్ స్టేషన్. దాన్ని పట్టుకుందామని యాంటెన్నా కట్టి, 14.100 మెగాహెర్ట్జ్‌లో యూఎస్‌బీ (అప్పర్ సైడ్‌బ్యాండ్) మోడ్ పెట్టి గంటసేపు విన్నా బుసబుస తప్ప ఏమీ రాలేదన్నారు కదండీ. తప్పు యాంటెన్నాది కాకపోవచ్చు, డయల్‌ది. నేనూ మొదట్లో ఇలాగే రెండు సాయంత్రాలు పోగొట్టుకున్నాను.

బీకన్ పంపేది మోర్స్, అంటే చుక్కలు, గీతల కోడ్. డయల్‌కీ బీకన్ ఫ్రీక్వెన్సీకీ ఉన్న తేడాయే మనకు టోన్‌గా వినిపిస్తుంది. యూఎస్‌బీలో డయల్ సరిగ్గా 14.100 మీద ఉంటే దాని టోన్ సున్నా హెర్ట్జ్‌కి పడిపోతుంది, ఇక చెవికి ఏం వినిపిస్తుంది? డయల్‌ను 14.0993కి దించండి. 700 హెర్ట్జ్ కూత వస్తుంది.

ఈ ఫ్రీక్వెన్సీలో 18 బీకన్లు వంతులవారీగా, ఒక్కొక్కటి 10 సెకన్లు పలుకుతాయి. మూడు నిమిషాలకు ఒక చుట్టు. ఈ చుట్లు యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ప్రకారం నడుస్తాయి. మన టైముకీ దానికీ తేడా అయిదున్నర గంటలు, అంటే 330 నిమిషాలు, అదీ మూడుతో భాగించబడేదే కాబట్టి లెక్క మారదు: మన గడియారంలో నిమిషం మూడుతో భాగించబడితే చుట్టు మొదలైనట్టే. అక్కడి నుంచి 90వ సెకనుకు శ్రీలంక బీకన్ 4ఎస్7బి వంతు. మనకు దగ్గరది, ముందు దాన్ని పట్టండి. అయితే ఒక్కోసారి ఏదో ఒక బీకన్ కొన్నాళ్లు మూగబోతుంది, అందుకని 60వ సెకనుకు జపాన్‌ది కూడా చూడండి.

కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు) నిమిషానికి 22 పదాల వేగంతో వస్తుంది, అందకపోతే టెన్షన్ వద్దు, గడియారమే ఎవరో చెప్పేస్తుంది. తర్వాత నాలుగు పొడవాటి కూతలు: 100, 10, 1, 0.1 వాట్లు. మూడోది వినపడిందంటే ఆ రోజు దారి బాగా తెరుచుకున్నట్టే.

ఇంట్లో ఎల్ఈడీ బల్బులు ఆర్పేసి వినడం మరిచిపోకండి, వాటి నుంచి రేడియోలోకి రొద రావచ్చు.