యార్క్‌లో మూడు రాత్రులు, విట్బీలో మూడు రాత్రులు

ప్రశ్న: నమస్కారం అండీ. మా అమ్మాయి, అల్లుడు లీడ్స్‌లో ఉంటారు. జూన్‌లో నేనూ మావారూ వెళ్తున్నాం. నాకు 61, ఆయనకి 66. లండన్ చూశాక ఒక వారం మిగులుతుంది. ఆ వారంలో యార్క్, విట్బీ, స్కార్‌బరో, డర్హమ్, లేక్ డిస్ట్రిక్ట్, ఎడిన్‌బరా అన్నీ కారులో తిప్పుతానంటున్నాడు మా అల్లుడు. నాకు మోకాళ్ల నొప్పులు, ఆయన గుడ్డు కూడా ముట్టని శాకాహారి. అంతదూరం వెళ్లి చూడకపోతే బాధ, చూస్తే ఒళ్లు తట్టుకుంటుందా అని టెన్షన్. ఏం చేయమంటారు?
(ఒక పాఠకురాలు, హనుమకొండ)

జవాబు: అన్నీ చూడాలన్న ఆశ తప్పు కాదమ్మా, కానీ ఆ ఆరింటిలో నాలుగు కొట్టేయండి. యార్క్, విట్బీ ఉంచండి. వాటి మధ్యనున్న పల్లెలూ కొండలూ దారిలో ఎలాగూ వస్తాయి. మా అమ్మానాన్నల్ని తీసుకెళ్లినప్పుడు నేనూ మీ అల్లుడుగారిలాగే ఐదు రోజుల్లో ఏడు ఊళ్లు పెట్టాను. ఇప్పుడు అడిగితే అమ్మకి గుర్తున్నవి కారు కిటికీ, పార్కింగ్ కోసం తిరగడం, ఇంకా విట్బీలో సముద్రం చూస్తూ గంటసేపు ఊరికే కూర్చున్న ఒక బెంచీ. ఆ బెంచీ గురించి మాత్రం ఇప్పటికీ చెబుతుంది.

యార్క్ లీడ్స్ నుంచి రైల్లో అరగంట. స్టేషన్ బయటికి రాగానే పాత కోటగోడ కనిపిస్తుంది. మొత్తం 3.4 కిలోమీటర్లు, మధ్యయుగం నాటి ఊరిగోడ ఇంగ్లండ్‌లో ఇంత పొడవున ఇంకెక్కడా మిగల్లేదు, పైన నడవడానికి టికెట్ లేదు. మెట్లు ఎక్కడమే మీకు కష్టం, ఎక్కాక పెద్దగా ఇబ్బంది ఉండదు. అయితే లోపలివైపు చాలాచోట్ల రెయిలింగ్ ఉండదు కాబట్టి వాన పడ్డ రోజు వద్దు. స్టేషన్ దగ్గరి నుంచి లెండల్ వంతెన దాకా ఉన్న చిన్న ముక్క నడిస్తే చాలు, ఎదురుగా మిన్‌స్టర్, అంటే ఊరి పెద్ద చర్చి, మొత్తం కనబడుతుంది. అన్నట్టు అక్కడ పేర్ల చివర 'గేట్' అంటే వీధి, కోట ద్వారాన్ని 'బార్' అంటారు. 866లో వైకింగులు, అంటే స్కాండినేవియా యోధులు, వచ్చి ఊరు పట్టుకున్నారు, వాళ్ల భాషలో వీధిని గాటా అనేవాళ్లు, ఆ మాటే ఇన్ని వందల ఏళ్లు నిలిచిపోయింది.

మిన్‌స్టర్‌కి మాత్రం ఒక పూట పూర్తిగా కేటాయించండి. 1220 ప్రాంతంలో మొదలుపెట్టి 1472లో ముగించారు, అంటే రెండున్నర శతాబ్దాల పని. తూర్పు వైపు కిటికీ ఒక్కటే దాదాపు టెన్నిస్ కోర్టంత ఉంటుంది. జాన్ థార్న్‌టన్ అనే గాజు పనివాడు 1405 నుంచి 1408 లోపు పూర్తిచేశాడు, సృష్టి మొదలు ప్రళయం దాకా కథంతా రంగు గాజుల్లో. పొద్దున్నే వెళ్లండి, ఎండ వెనకనుంచి పడుతుంటే ఆ ఎరుపూ నీలమూ చూసి తీరాలి. టవర్‌కి 275 మెట్లున్నాయి, అది వదిలేయండి. సాయంత్రం ఈవెన్‌సాంగ్ అని ప్రార్థన ఉంటుంది, దానికి టికెట్ అక్కర్లేదు, ఆ రాతి కప్పు కింద పాట వింటూ కూర్చోవచ్చు. షాంబుల్స్ అనే ఇరుకు వీధి ఒకప్పుడు కసాయి వీధి. మాంసం మీద ఎండ పడకుండా పై అంతస్తులు ముందుకు తోసుకొచ్చినట్టు కట్టారు, కొన్ని షాపుల ముందు మాంసం వేలాడదీసిన కొక్కేలు ఇంకా ఉన్నాయి. మీవారికి రైళ్లంటే ఇష్టమైతే రైల్వే మ్యూజియం ఉచితమే, 1938లో గంటకి 126 మైళ్ల వేగంతో పరిగెత్తిన మాలార్డ్ అనే ఆవిరి ఇంజన్ వాళ్లదే.

నాలుగో రోజు విట్బీకి కారులో వెళ్లకండి. పెద్ద సూట్‌కేసులు అమ్మాయి ఇంట్లోనే ఉంచేసి చిన్న బ్యాగులతో యార్క్‌లో కోస్ట్‌లైనర్ 840 బస్సెక్కి పికరింగ్‌లో దిగండి. అక్కడినుంచి మూర్స్, అంటే చెట్లు పెద్దగా లేని పొదల కొండల మీదుగా గ్రోమాంట్ దాకా 29 కిలోమీటర్ల పాత రైలు మార్గం ఉంది, ఆవిరి ఇంజన్లతో నడుస్తుంది. నడిపేవాళ్లలో చాలామంది జీతం తీసుకోని స్వచ్ఛంద కార్యకర్తలే. కొన్ని బళ్లు నేరుగా విట్బీ దాకా వెళ్తాయి, ముందే చూసి వాటికే టికెట్ కొనుక్కోండి. కిటికీ దించితే బొగ్గు వాసన లోపలికొస్తుంది, చొక్కా మీద నల్లటి నలకలు పడతాయి. మా నాన్న వాటిని దులుపుకోకుండా అలాగే ఉంచుకుని, చిన్నప్పుడు మెయిల్ బండిలో తాతగారి ఊరెళ్లిన కథ విట్బీ వచ్చేదాకా చెప్పారు. ఆయన నోట ఆ కథ నేను అంతకుముందెప్పుడూ వినలేదు.

విట్బీలో కొండమీద పాడుబడ్డ మఠం, కింద రేవు. మఠానికి 199 మెట్లు. మధ్యమధ్యలో వెడల్పాటి పలకల్లాంటివి కనిపిస్తాయి, కూర్చుంటే హాయిగా ఉంటుంది కానీ వాటిని వేసింది అందుకు కాదు. పైనున్న చర్చి శ్మశానానికి శవపేటికని మోసుకెళ్లేవాళ్లు కాసేపు దించి ఊపిరి పీల్చుకోవడానికి. మన దింపుడు కళ్లం గుర్తొచ్చి అమ్మ ఆ పలక దగ్గర కాసేపు ఆగిపోయింది. మీరు ఆ మెట్లు ఎక్కక్కర్లేదమ్మా, వెనకవైపు రోడ్డు ఉంది, మఠం దగ్గరిదాకా బండి వెళ్తుంది. 657లో హిల్డా అనే ఆవిడ అక్కడ మొదట మఠం పెట్టింది, మగవాళ్లనీ ఆడవాళ్లనీ కలిపి ఏలింది. 664లో ఈస్టర్ ఏ రోజు చేయాలన్న తగువు తీరింది అక్కడే, ఐర్లండ్ వాళ్ల లెక్క ఒకటి, రోమ్ వాళ్ల లెక్క ఒకటి, చివరికి రాజు రోమ్ లెక్కకే ఒప్పుకున్నాడు. పంచాంగాల్లో పండగ తేదీ తేడా వచ్చినప్పుడల్లా నాకు ఆ ఊరు గుర్తొస్తుంది.

మనం తూర్పు తీరం వాళ్లం, సముద్రంలో సూర్యోదయమే చూస్తాం. విట్బీలో తీరం ఉత్తరం వైపు తిరిగి ఉంటుంది కాబట్టి జూన్ నెలాఖరు రోజుల్లో పొద్దు పుట్టడమూ కుంకడమూ రెండూ సముద్రం మీదే. రాత్రి తొమ్మిదిన్నర దాటాక చీకటి పడుతుంది, అందుకే మధ్యాహ్నం పడుకుని సాయంత్రం తిరగండి. స్వెట్టర్ మాత్రం మర్చిపోవద్దు, ఎండ కాస్తుండగానే సముద్రం మీంచి చల్లటి పొగమంచు కమ్ముకొస్తుంది, దాన్ని ఫ్రెట్ అంటారు.

ఇక తిండి, ఇది జాగ్రత్తగా చదవండి. చేప తినం కదా, చిప్స్, అంటే వేయించిన బంగాళాదుంప ముక్కలు, తింటే పోలేదా అనుకుంటాం. యార్క్‌షైర్‌లో చాలా షాపులు ఇప్పటికీ గొడ్డు కొవ్వులోనే వేయిస్తాయి, వాళ్ల అలవాటు అది. దాన్ని బీఫ్ డ్రిప్పింగ్ అంటారు. కొనే ముందు "నూనెలోనా, డ్రిప్పింగ్‌లోనా" అని అడగండి, ఎవరూ తప్పుగా అనుకోరు. నూనెలో వేయించేవాళ్లూ ఉంటారు. నన్నడిగితే చిన్న వంటగది ఉన్న కాటేజీ తీసుకోండి, లీడ్స్ నుంచి బియ్యం, పప్పు, ఒక పచ్చడి సీసా పట్టుకెళ్తే మీవారికి దిగులు ఉండదు. ఇంకో మాట, 60 దాటినవాళ్లకి సీనియర్ రైల్‌కార్డ్ ఇస్తారు, పాస్‌పోర్ట్ చూపిస్తే మనకీ ఇస్తారు, టికెట్లలో మూడోవంతు తగ్గుతుంది. లండన్ రైలెక్కక ముందే ఇద్దరూ తీసుకోండి.

ప్రశ్న: మేం ఆగస్టులో వెళ్తాం, మూర్స్‌లో ఏముంటుంది? రాబిన్ హుడ్స్ బే బీచ్ పిల్లలకి బాగుంటుందా?
(ఒక పాఠకుడు, లెస్టర్)

జవాబు: అదృష్టవంతులు. ఆగస్టులో హెదర్ అనే చిన్న పొద పూస్తుంది, కొండలకి కొండలే ఊదా రంగు. రాబిన్ హుడ్స్ బే పిల్లలకి భలే ఉంటుంది, నీళ్లు తగ్గాక రాతి గుంటల్లో పీతలు వెతుక్కోవచ్చు. కారు పైనే పెట్టి నిటారు సందులోంచి కిందికి నడవాలి, తోపుడు బండి కష్టం. పోటు వచ్చిందంటే నీళ్లు గోడదాకా వచ్చేస్తాయి, కొండచరియ కింద చిక్కుకుంటే బయటికి దారి ఉండదు. ఆటుపోట్ల వేళలు చూసుకుని, నీళ్లు తగ్గుతున్నప్పుడు దిగండి.

ప్రశ్న: ఇండియా లైసెన్స్‌తో అక్కడ కారు నడపొచ్చా?
(ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: టూరిస్టుగా వెళ్తే 12 నెలల దాకా నడపొచ్చు, ఎడమవైపే కాబట్టి చేయి త్వరగానే అలవాటు పడుతుంది. కానీ రోజ్‌డేల్ చిమ్నీ బ్యాంక్ అనే వాలు మూడుకి ఒకటి, అంటే మూడడుగులు ముందుకెళ్తే ఒక అడుగు పైకి, మన ఘాట్ రోడ్డుకంటే నిటారు, మొదటి రోజే అటు పోవద్దు. మూర్స్ మీద కంచె ఉండదు, గొర్రెలు రోడ్డు మీదే పడుకుంటాయి, హారన్ కొడితే లేవవు, ఆగాల్సిందే. కారు దిగి పొలాల్లోని కాలిబాటలో నడిచేటప్పుడు, రైతు భూమే అయినా ఫుట్‌పాత్ బోర్డు ఉంటే నడిచే హక్కు ఉంటుంది, కాకపోతే తీసిన గేటు మళ్లీ వేసి వెళ్లండి.